పడమటి ముఖం ఇల్లు, నల్లగొండ ఎండ: కిటికీలకు ఏ గ్లాస్ వేయించాలి?

పడమటి ఇల్లు (నల్లగొండ)

అందరికీ నమస్కారం. నల్లగొండలో దేవరకొండ రోడ్డు వైపు 200 గజాల్లో ఇల్లు కట్టుకుంటున్నాం. స్లాబ్ అయిపోయింది, ప్లాస్టరింగ్ నడుస్తోంది. ప్లాటు పడమటి ముఖం. ముందు హాలుకు 8 అడుగుల వెడల్పు, 7 అడుగుల ఎత్తుతో నేల నుంచే ఒకటే పెద్ద అద్దం పెట్టించాలని మా ఆవిడకు, నాకు చాలా రోజులుగా ఆశ.

మూడు షాపులు తిరిగాను. ఒకరు టఫెన్డ్ వేస్తే ఎండ రాదన్నారు. ఇంకొకరు నల్ల గ్లాస్ చాలన్నారు. మూడో ఆయన డబుల్ గ్లాస్ వేస్తే ఏసీ కూడా అక్కర్లేదన్నారు. ముగ్గురి మాటకూ పొంతన లేదు. మా నాన్నేమో "మే నెలలో సాయంత్రం నాలుగింటికి ఆ గదిలో పది నిమిషాలు కూర్చో, తర్వాత అద్దం సంగతి మాట్లాడదాం" అంటున్నాడు. ఇంట్లో రెండేళ్ల పాప ఉంది. డబ్బులు ఒక్కసారే పెట్టగలం. తెలిసినవాళ్లు చెప్పండి, టెన్షన్‌గా ఉంది.

అద్దాల పనివాడు (నల్లగొండ)

అన్నా, ఇరవై ఏళ్లకు పైగా ఇదే పనిలో ఉన్నాను. ముందు ఒక ముడి విప్పుకోవాలి. టఫెన్డ్ అన్నది బలానికి, ఎండకు దానితో సంబంధం లేదు. క్లియర్ టఫెన్డ్ వేస్తే మామూలు గ్లాస్‌లో ఎంత ఎండ వస్తుందో అంతే వస్తుంది.

మామూలు షీట్‌ను సైజుకు కోసి, అంచులు సాన పట్టి, రంధ్రాలు కావాలంటే అప్పుడే వేసి, ఫర్నేస్‌లో 600 డిగ్రీలు దాటేదాకా కాలుస్తారు. బయటికి తీసి రెండు వైపులా గాలి కొట్టి ఒక్కసారిగా చల్లారుస్తారు. పైపొర ముందు గట్టిపడుతుంది, లోపలిది తర్వాత చల్లబడుతూ పైపొరను లోపలికి లాగుతుంది. ఆ బిగుతు వల్లే మామూలు దానికంటే నాలుగైదు రెట్లు బలం వస్తుంది. పగిలితే కత్తుల్లాంటి ముక్కలు కాకుండా చిన్న చిన్న గుళ్లుగా రాలిపోతుంది. కానీ ఒకసారి టఫెన్ చేశాక మళ్లీ కోయలేం, రంధ్రం వేయలేం. కట్టర్ పెట్టామంటే మొత్తం పొడి అవుతుంది. అందుకే కొలత ఒకటికి రెండుసార్లు తీయించుకోండి.

నల్ల గ్లాస్ అంటే టింటెడ్. ఇది కొంత ఎండను తాగుతుంది. తాగిన వేడి ఎక్కడికి పోతుంది? అద్దమే కాలుతుంది, ఆ కాలిన అద్దం మళ్లీ గదిలోకి సెగ కొడుతుంది. సాయంత్రం టింటెడ్ కిటికీ మీద చెయ్యి పెట్టి చూడండి, నిలవదు.

డబుల్ గ్లాస్ సంగతి ఆర్కిటెక్ట్ సార్ ఎవరైనా లెక్కతో చెబితే బాగుంటుంది.

ఆర్కిటెక్ట్, వనపర్తి

చెబుతానండి. ఇళ్లకు డిజైన్ చేసేటప్పుడు మేము చూసేవి రెండు అంకెలు. ఒకటి యూ వాల్యూ: లోపల, బయట ఉన్న వేడి తేడా వల్ల అద్దం గుండా ఎంత వేడి పారుతుందో చెబుతుంది. రెండోది ఎస్‌హెచ్‌జీసీ: అద్దం మీద పడ్డ ఎండలో ఎంత భాగం వేడిగా గదిలో చేరుతుందో చెబుతుంది. షాపుల్లో ఈ రెండూ కలిపేసి మాట్లాడతారు, మీకు మూడు రకాల జవాబులు వచ్చింది అందుకే.

6 ఎంఎం క్లియర్ సింగిల్ గ్లాస్ యూ వాల్యూ 5.7 దరిదాపు. మధ్యలో 12 ఎంఎం గాలి ఖాళీతో రెండు క్లియర్ గ్లాసులు సీల్ చేస్తే అది 2.8కి వస్తుంది, అంటే సగం. బయట 44, లోపల 26 అనుకోండి. తేడా 18 డిగ్రీలు. సింగిల్ గ్లాస్‌లో చదరపు మీటరుకు సుమారు 100 వాట్లు పారుతుంది, డబుల్‌లో 50. ఇంతవరకు షాపాయన చెప్పింది నిజమే.

కానీ మే నెల సాయంత్రం పడమటి గోడ మీద చదరపు మీటరుకు ఐదు వందల వాట్లకు పైనే ఎండ పడుతుంది. క్లియర్ సింగిల్ అందులో నూటికి 80 పాళ్లు లోపలికి వదులుతుంది. క్లియర్ డబుల్ అయినా 70 పాళ్లు వదులుతుంది. 4×4 అడుగుల కిటికీ ఒకటిన్నర చదరపు మీటర్లు. సింగిల్ క్లియర్ అయితే ఆ ఒక్క కిటికీ 600 వాట్ల హీటరు పెట్టినట్టు. మీరు అడుగుతున్న 8×7 అద్దం 5.2 చదరపు మీటర్లు. రెండు వేల వాట్లు దాటుతుంది. మీ నాన్నగారు అంకెలు లేకుండా చెప్పింది ఇదే.

పడమటికి కావాల్సింది ఎస్‌హెచ్‌జీసీ తక్కువ ఉన్న గ్లాస్. టింటెడ్ 0.6 దగ్గర ఆగుతుంది. సోలార్ కంట్రోల్ కోటింగ్ ఉన్నవి 0.3, 0.4 దాకా దిగుతాయి. ఈ కోటింగుల్లో గట్టివి సింగిల్‌గా వాడొచ్చు. మెత్తటివి గాలి తగిలితే పాడవుతాయి, వాటిని డబుల్ గ్లాస్‌లో మధ్య ఖాళీ వైపు ముఖానికే పెట్టాలి. కంపెనీ డేటా షీట్ అడిగి, మీరు కొనే మోడల్‌కు ఈ రెండు అంకెలూ రాయించుకోండి.

పాలమూరు టీచరమ్మ

తమ్ముడూ, వేడి సంగతి వాళ్లు చూసుకుంటారు. నీ మెసేజ్‌లో రెండేళ్ల పాప, నేల నుంచి అద్దం అన్న రెండు మాటలు చదివి ఆగలేక రాస్తున్నాను.

మా అన్నయ్య ఇంట్లో బాల్కనీ తలుపుకు 5 ఎంఎం మామూలు గ్లాస్ ఉండేది. పండక్కి అందరం కూడాం, పిల్లలు పట్టుకునే ఆట ఆడుతున్నారు. తలుపు తెరిచే ఉందనుకొని మా చిన్నోడు పరిగెత్తుకొచ్చి తగిలాడు. పగిలిన అద్దం పై ముక్క చట్రంలోంచి జారి వాడి చెయ్యి మీద పడింది. మోచేతి నుంచి మణికట్టు దాకా పద్నాలుగు కుట్లు. ఇప్పుడు వాడు ఇంటర్. పొట్టి చేతుల చొక్కా ఇప్పటికీ వేసుకోడు.

ఆ రోజు అక్కడ టఫెన్డ్ ఉంటే దెబ్బ తగిలేదేమో కానీ ఇలా కోసుకుపోయేది కాదు. తలుపుల్లో, తలుపుల పక్కన, నడుము కంటే కింద ఎక్కడ అద్దం పెట్టినా మామూలుది వద్దు. డబ్బు చాలకపోతే అద్దం సైజు తగ్గించుకో, రకం తగ్గించుకోకు. అద్దం మీద పిల్లల కంటికి ఆనే ఎత్తులో ఒక స్టిక్కర్ కూడా అంటించు.

పడమటి ఇల్లు (నల్లగొండ)

అక్కా, చదివి మా ఆవిడకు కూడా వినిపించాను. ఇద్దరం కాసేపు ఏమీ మాట్లాడలేదు. కింద మామూలు గ్లాస్ ఎక్కడా పెట్టం.

ల్యామినేటెడ్ అని ఇంకోటి వింటున్నాను. టఫెన్డ్‌కు, దానికి తేడా ఏమిటి?

అద్దాల పనివాడు (నల్లగొండ)

రెండు గ్లాసుల మధ్య పీవీబీ అనే ప్లాస్టిక్ పొర పెట్టి వేడితో, ఒత్తిడితో అతికిస్తారు. పొర 0.38 ఎంఎం నుంచి ఉంటుంది, ఇళ్లకు 0.76 అడగండి. కారు ముందు అద్దం ఇదే. రాయి తగిలితే సాలెగూడులా చీలుతుంది కానీ ముక్కలు పొరకు అతుక్కొని అక్కడే నిలబడతాయి. టఫెన్డ్ అలా కాదు, పగిలిన క్షణమే ఖాళీ అవుతుంది.

అందువల్ల తల మీద ఉండే అద్దం ఏదైనా (మెట్ల మీద స్కైలైట్, పోర్టికో పైకప్పు) ల్యామినేటెడే ఉండాలి. బాల్కనీ రెయిలింగ్‌కు అయితే టఫెన్ చేసిన రెండు గ్లాసులు ల్యామినేట్ చేసినవి. రెయిలింగ్‌కు ఒంటి టఫెన్డ్ పెట్టమని ఎవరైనా అడిగితే నేను ఒప్పుకోను. అది పగిలిన రోజు ఆనుకొని ఉన్న మనిషికి అడ్డం ఏమీ మిగలదు.

టఫెన్డ్‌కు ఇంకో గుణం ఉంది. ఎవరూ ముట్టకుండానే అరుదుగా పగులుతుంది. గాజులో నికెల్ సల్ఫైడ్ నలుసు ఉంటే అది ఏళ్ల మీద ఉబ్బి పగలగొడుతుంది. హీట్ సోక్ అని ఫ్యాక్టరీలోనే మళ్లీ వేడి చేసి, పగిలేవాటిని అక్కడే పగలనిచ్చే పద్ధతి ఉంది. పెద్ద బిల్డింగులకు తప్పకుండా చేయించాలి. ఇంటి కిటికీకి అంత అవసరం పడదు.

అచ్చంపేట నుంచి

మాకు ఎండ కంటే కోతుల బాధ ఎక్కువ. నల్లమల పక్కనే ఉన్నాం, గుంపులుగా దిగుతాయి. స్లైడింగ్ కిటికీ తీయడం నేర్చుకున్నాయి. రిఫ్లెక్టివ్ గ్లాస్ (బయటి నుంచి చూస్తే ముఖం కనిపించేలా మెరిసేది) పెట్టించిన మా పక్కింటోళ్లది ఇంకో కథ. మగ కోతి దాంట్లో తన బొమ్మ చూసుకొని ఇంకో కోతి అనుకొని కొట్టి కొట్టి రెండు అద్దాలు పగలగొట్టింది. పిట్టలు కూడా పొద్దస్తమానం పొడుస్తూనే ఉంటాయి. ఊళ్లలో కట్టుకునేవాళ్లు ఇది కూడా ఆలోచించండి.

మేము బయటికి గ్రిల్, లోపల లోపలికి తెరుచుకునే రెక్కలు పెట్టించుకున్నాం. నాలుగేళ్లుగా సమస్య లేదు.

పాలమూరు టీచరమ్మ

రిఫ్లెక్టివ్ గురించి ఆడవాళ్లు తెలుసుకోవాల్సింది ఒకటి. పగలు బయట వెలుతురు ఎక్కువ కాబట్టి బయటివాళ్లకు లోపల కనిపించదు. రాత్రి లైటు వేస్తే తిరగబడుతుంది, లోపలున్నదంతా బయటికి కనిపిస్తుంది. మాకు తెలియక మొదటి నెల కర్టెన్ లేకుండా ఉన్నాం. ఎదురింటి పెద్దమ్మ వచ్చి చెప్పేదాకా తెలియలేదు.

పోచంపల్లి మగ్గం

నేను అద్దాల మనిషిని కాదు, రంగుల మనిషిని. మా ఇంట్లో మూడు మగ్గాలు. చిటికి కట్టి (నూలును అక్కడక్కడ బిగించి కట్టి) రంగు అద్దిన నూలు మగ్గం మీదికి ఎక్కాక రంగు రంగులాగే కనిపించాలి. కొత్త షెడ్డు కట్టినప్పుడు చల్లగా ఉంటుందని పచ్చ టింటెడ్ వేశాం. పని మొదలుపెట్టిన వారానికే అర్థమైంది: ముదురు నీలం, నలుపు వేరుచేయడానికి పోగు పట్టుకొని వాకిట్లోకి పరిగెత్తాల్సి వస్తోంది. ఒక చీర కొంగులో మెరూన్ తేడా పడింది. ఆరు కిటికీల అద్దాలూ తీసేసి క్లియర్ వేసుకున్నాం.

మా తాతల నాటి పెంకుటింట్లో గూన పెంకుల మధ్య ఒక అద్దం పెంకు ఉండేది, సరిగ్గా మగ్గం గుంట మీద. ఆ ఒక్కదాని వెలుతురులో మా నాయనమ్మ పోగులు అతికేది. బట్టల షాపు, కుట్టు మిషన్, పిల్లలు చదువుకునే గది: రంగు, కన్ను పనిచేసే చోట టింటెడ్ వద్దు. ఉత్తరం వైపు క్లియర్ పెట్టుకుంటే అంతకన్నా మంచి వెలుతురు లేదు.

ఆర్కిటెక్ట్, వనపర్తి

చాలా విలువైన మాట చెప్పారు. మీ ఉత్తరం మాటకు లెక్క కూడా తోడుంది.

నల్లగొండ దాదాపు 17 డిగ్రీల అక్షాంశం మీద ఉంది, పాలమూరు ఇంకాస్త కింద. మే రెండో వారం అటూ ఇటుగా మన ఊళ్లలో మిట్టమధ్యాహ్నం సూర్యుడు సరిగ్గా నడినెత్తిన ఉంటాడు. ఆగస్టు మొదట్లో మళ్లీ ఒకసారి. ఆ మధ్య రోజుల్లో మధ్యాహ్నం సూర్యుడు నెత్తికి కొంచెం ఉత్తరంగా ఉంటాడు. అంటే నిండు వేసవిలో దక్షిణపు కిటికీ మీద మధ్యాహ్నపు ఎండ పడదు. చలికాలంలో వంగి వచ్చే ఎండను రెండడుగుల సజ్జ కొంతవరకు ఆపుతుంది. ఉత్తరానికి చిన్న సజ్జ చాలు. తూర్పు, పడమరలకు సజ్జ పనిచేయదు, సూర్యుడు కంటికెదురుగా దిగుతాడు కాబట్టి. పడమటికి నిలువు అడ్డం కావాలి: జాలీ గోడ, వెదురు తడిక, పక్కకు జరిగే షట్టరు, ఒక వేప చెట్టు. ఏదైనా అద్దానికి బయట ఉండాలి. లోపల కర్టెన్ వేస్తే వేడి అప్పటికే గదిలోకి వచ్చేసినట్టే.

నల్లగొండ వాళ్లకు పానగల్లు ఛాయా సోమేశ్వరాలయం గురించి నేను చెప్పక్కర్లేదు. గర్భగుడిలో రోజంతా కదలకుండా నిలిచే ఆ స్తంభం నీడ నేరుగా పడే ఎండది కాదు. మండపం వైపుల నుంచి చెదిరి లోపలికి వచ్చే వెలుతురుది. కందూరు చోడుల కాలపు శిల్పులు ఎండను బయటే ఆపి వెలుతురును మాత్రమే లోపలికి తీసుకెళ్లారు. ఆ గుడికి వెళ్లినప్పుడల్లా మనం ఇప్పుడు కడుతున్న అద్దాల షోరూములు గుర్తొచ్చి మనసు కలుక్కుమంటుంది.

నకిరేకల్ హైవే పక్కన

65వ నంబరు రోడ్డు మా గేటుకు అరవై అడుగులు. రాత్రంతా లారీల మోత. మందం పెంచితే శబ్దం తగ్గుతుందని 10 ఎంఎం వేశాం, పెద్ద తేడా రాలేదు. ఎందుకు?

అద్దాల పనివాడు (నల్లగొండ)

మీ కిటికీ స్లైడింగేనా? అయితే శబ్దం గ్లాస్‌లోంచి కాదు, ట్రాక్ సందుల్లోంచి వస్తోంది. బ్రష్ పట్టీ గాలినే ఆపలేదు, లారీ హారన్‌ను ఎలా ఆపుతుంది? రబ్బరు గ్యాస్కెట్ మీద గట్టిగా నొక్కుకునే రెక్క కిటికీ కావాలి. దానికి ల్యామినేటెడ్ వేస్తే మధ్య పొర మోతను మింగుతుంది. డబుల్ గ్లాస్ వేస్తే రెండూ ఒకే మందం కాకుండా ఒకటి 6, ఒకటి 8 వేయించండి. ఒకే మందం ఉంటే రెండూ ఒకే మోతకు కలిసి అదురుతాయి. ముందు ఒక్క పడక గదికి చేయించి చూడండి, వెంటనే ఇల్లంతా మార్చొద్దు.

మిర్యాలగూడ మిల్లు

మా రైస్ మిల్లు షెడ్డులో పాత జాలీ గ్లాస్ (లోపల ఇనుప తీగ ఉన్నది) ఉంది. తీగ ఉంది కాబట్టి గట్టిదని దాని మీద నడుస్తుంటారు మా కుర్రాళ్లు. నడవొచ్చా?

అద్దాల పనివాడు (నల్లగొండ)

అన్నా, ఈ రోజే ఆపించండి. తీగ వల్ల గ్లాస్‌కు బలం రాదు. అదే మందం ఉన్న మామూలు గ్లాస్ కంటే అది తక్కువ బలం. పగిలాక, మంటల్లో చీలాక ముక్కలు రాలకుండా పట్టుకోవడానికే ఆ తీగ. అంచుల్లో నీళ్లు చేరితే తీగ తుప్పుపట్టి ఉబ్బి గ్లాస్‌ను చీలుస్తుంది కూడా. పైకి ఎక్కాల్సి వస్తే పలక వేసుకొని కింద దూలం ఉన్నచోటే అడుగు పెట్టమనండి. నల్లగొండ వచ్చినప్పుడు కలవండి, లేదా నేనే వచ్చి చూస్తాను.

కల్వకుర్తి కొత్తిల్లు

మాకు టింటెడ్ గ్లాస్ మీద ఎండ ఆగాలని నల్ల ఫిల్మ్ కూడా అంటించారు. నెల తిరక్కుండా అంచు నుంచి ఒక గీత మొదలై మధ్యదాకా చీలింది. ఎవరూ రాయి వేయలేదు. వేసినవాళ్లు మాదే తప్పంటున్నారు.

ఆర్కిటెక్ట్, వనపర్తి

మీ తప్పు కాదండి. అది వేడికి వచ్చిన చీలిక. గ్లాస్ మధ్య భాగం ఎండకు కాలుతుంది, చట్రంలో ఉన్న అంచు చల్లగానే ఉంటుంది. మధ్యది వ్యాకోచించి అంచును లాగుతుంది. మామూలు గ్లాస్ సుమారు 40 డిగ్రీల తేడా దాకా ఓర్చుకుంటుంది, టఫెన్డ్ 200 దాకా. టింటెడ్ ముందే ఎక్కువ వేడి తాగుతుంది, దాని మీద నల్ల ఫిల్మ్ అంటిస్తే ఇంకా పెరుగుతుంది. సజ్జ నీడ సగం మీద పడి సగం ఎండలో ఉంటే మరీ ప్రమాదం. అంచు దగ్గర చీలిక అంచుకు నిలువుగా, లంబకోణంలో మొదలైందేమో చూడండి. అలా ఉంటే వేడి చీలికే. కోసిన అంచు సాన పట్టకపోతే ఆ గంటు నుంచే మొదలవుతుంది. మళ్లీ వేయించేటప్పుడు టఫెన్డ్ టింటెడ్ వేయించండి, ఫిల్మ్ వద్దు.

పడమటి ఇల్లు (నల్లగొండ)

అందరికీ దండాలు. ఏడు వారాల తర్వాత వస్తున్నాను.

8×7 అద్దం మానుకున్నాం. ఆ లెక్కతో పాటు బరువు కూడా మనసు మార్చింది. మందం ఒక్కో ఎంఎంకు చదరపు మీటరుకు రెండున్నర కిలోలట. 8 ఎంఎం వేస్తే ఆ ఒక్క అద్దమే 104 కిలోలు. పగిలితే మళ్లీ తెప్పించి ఎక్కించే శక్తి మాకు లేదు. పడమటి గోడకు నాలుగడుగుల వెడల్పు, నాలుగున్నర ఎత్తు కిటికీ ఒకటే పెట్టాం. సోలార్ కంట్రోల్ టఫెన్డ్ 6 ఎంఎం, ముందు ఇటుక జాలీ గోడ. పెద్ద కిటికీ ఉత్తరానికి మార్చాం, క్లియర్ టఫెన్డ్. బాత్రూముకు 4 ఎంఎం పిన్‌హెడ్ డిజైన్ (లోపల కనిపించకుండా చుక్కల గరుకు ఉన్నది), అది ఎత్తులో ఉంది కాబట్టి మామూలుదే. మెట్ల పైన చిన్న స్కైలైట్, ల్యామినేటెడ్.

గ్లాస్ వచ్చిన రోజు మూలల్లో స్టాంపు చూశాను. ఐఎస్ 2553 (సేఫ్టీ గ్లాస్‌కు మన దేశ ప్రమాణం) గుర్తు ఆరు టఫెన్డ్ పలకల్లో నాలుగింటికే ఉంది. రెండింటికి లేదు. తెచ్చినవాళ్లు ఒకే లాట్ అన్నారు. చేతిలో పోలరైజ్డ్ కళ్లజోడు ఉంటే పెట్టుకొని పక్క నుంచి చూడమని, టఫెన్ చేసినదైతే మచ్చలు కనిపిస్తాయని అద్దాల పని అన్న ఫోన్‌లో చెప్పాడు. స్టాంపు ఉన్నవాటిలో మచ్చలు మచ్చలుగా నీడలు కనిపించాయి, లేనివి ఖాళీగా ఉన్నాయి. దించనివ్వకుండా వెనక్కి పంపాను. పది రోజులు ఆలస్యమైంది కానీ స్టాంపు ఉన్నవే వచ్చాయి.

నాన్న మొన్న సాయంత్రం నాలుగింటికి ముందు గదిలో కుర్చీ వేసుకొని కూర్చున్నాడు. అరగంట ఉన్నాడు. ఏమీ అనలేదు, పేపరు చదువుకున్నాడు.

ఒక్క సందేహం మిగిలింది. ఉత్తరపు అద్దం మీద ప్లాస్టరింగ్ సిమెంటు నీళ్లు కారి తెల్ల చారలు పడ్డాయి. బ్లేడుతో గీకమంటున్నారు.

అద్దాల పనివాడు (నల్లగొండ)

బ్లేడు పెట్టొద్దన్నా. టఫెన్డ్ మీద సన్నటి నలుసులు ఉంటాయి, బ్లేడు వాటిని ఈడ్చుకెళ్లి పొడవాటి గీతలు పెడుతుంది. సిమెంటు నీళ్లలో క్షారం ఉంటుంది, ఎక్కువ రోజులు ఉంటే గాజునే తినేస్తుంది, అప్పుడు ఏం చేసినా పోదు. కాబట్టి ఈ రోజే పని పెట్టుకోండి. ముందు పుష్కలంగా నీళ్లు పోసి ఇసుక రేణువులు కడిగేయండి. తర్వాత వెనిగర్‌లో తడిపిన గుడ్డ చారల మీద కాసేపు ఉంచి, మెత్తటి స్పాంజితో రుద్ది, మంచినీళ్లతో కడగండి. బోరు నీళ్లు ఆరితే మళ్లీ ఉప్పు మరకలు పడతాయి, వెంటనే పొడి గుడ్డతో తుడవండి. కోటింగ్ ఉన్న పడమటి గ్లాస్‌కు మాత్రం కోటింగ్ వైపు ఇవేవీ వద్దు, సబ్బు నీళ్లే.

ప్లాస్టరింగ్ మిగిలి ఉంటే అద్దాలకు పాలిథిన్ కవరు కట్టించండి. స్కైలైట్ చుట్టూ సిలికాన్ కొట్టేటప్పుడు వెనిగర్ వాసన వచ్చే రకం వాడనివ్వొద్దు, అది ల్యామినేటెడ్ అంచులో పొరను పాడుచేస్తుంది. న్యూట్రల్ అని ట్యూబు మీద రాసి ఉన్నది అడగండి. ఆదివారం అటువైపు వస్తున్నాను, ఆ పని అయ్యేటప్పుడు నేను దగ్గరుంటాను.